లక్ష్మమ్మ లాంతరు, మా సత్యవతమ్మ గారు

పోయిన గురువారం విజయనగరంలో సత్యవతమ్మ గారు పరమపదించారు. నమ్మబుద్ధి కాలేదు. ముందురోజు సాయంత్రమే "ఏటే, చీటీలు అయిపోయాయి. వచ్చేటప్పుడు పట్టుకురా" అని ఫోనులో కేకలేసిన మనిషి! చరిత్ర అధ్యాపకురాలిగా పదవీ విరమణ చేశాక, రెండో ప్రపంచయుద్ధకాలంలో మన ఉత్తరాంధ్ర ఇళ్లు ఎలా బతికాయో చెప్పే వస్తువులు సేకరించి, తమ ముందుగదినే భాండాగారంగా మలచిన విదుషీమణి ఆమె. ఆమె శిష్యురాలినని చెప్పుకోవడం నాకు జీవితకాల గర్వం.

వస్తువు తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, వాళ్ల మాటను వాళ్ల యాసలోనే చీటీమీద రాసి ఆ వస్తువుకు కట్టేవారు. "దిద్దకే! దిద్దితే అది వాళ్ల కథ కాదు, నీ కథ అయిపోతుంది" అనేవారు.

భోగాపురం దాపున సముద్రపు పల్లె నుంచి లక్ష్మమ్మ తన తల్లి లాంతరు తెస్తానంది. విశాఖమీద బాంబులు పడ్డ రోజుల్లో, వెలుగు బయటికి కనబడకూడదని చిమ్నీకి నల్లరంగు పూసిన లాంతరది. ఆ నలుపు కోసమే ఎదురుచూశాం. తీరా చూస్తే ధగధగలాడుతోంది! పెద్దమ్మగారికి ఇచ్చే వస్తువు కదా అని బూడిదా, కొబ్బరిపీచూ పెట్టి తోమేసింది. నా ప్రాణం ఉసూరుమంది. అమ్మగారు మాత్రం పకపకా నవ్వి చీటీ అందుకున్నారు.

"సెప్పు, లక్ష్మమ్మా."

"ఏటి సెప్పనమ్మా! దీపం కప్పీసినాక మాయమ్మ గట్టుమీద నిలబడి కేకలేసీది. ఆ కేక ఇని మా అయ్య పడవ ఒడ్డుకొచ్చీది. నలుపు నేనే తోమీసినాను."

ఆ చివరిమాటతో సహా రాశారు.

తరువాత ఒక ప్రదర్శనశాల అధికారి వచ్చాడు. సేకరణ మొత్తం తీసుకుంటామన్నాడు. ముందుగది కప్పు వానకు కారుతోంది, అమ్మగారికి ఒంట్లో ఓపిక తగ్గుతోంది, అంతకంటే కావలసిందేముంది? "లాంతరుకి మళ్లీ నల్లరంగు వేయిద్దాం. ఈ చీటీలు అక్కర్లేదు" అన్నాడాయన. అమ్మగారు లేచి నిలబడ్డారు.

"నాయనా, నల్లరంగు ఏ కొట్లోనైనా దొరుకుతుంది. లక్ష్మమ్మ తల్లి కేక ఈ చీటీలో తప్ప ఎక్కడా లేదు. చీటీ లేకుండా లాంతరు నా గడప దాటదు."

దాటలేదు. ఆనాటి ఆ ముఖతేజస్సు నా కళ్లముందే ఉంది.

అంత్యక్రియలనాడు లక్ష్మమ్మ వచ్చింది. బట్ట కరువైన యుద్ధపురోజుల్లో తల్లి ఒంటికి చుట్టుకున్న గోనెగుడ్డను అమ్మగారి పాదాల దగ్గర పెట్టింది. "ఈపాలి ఉతకనేదమ్మా, ఎలాగున్నాదో అలాగే తెచ్చినాను. నా మాట రాసీవోలు ఇంకెవులున్నారు?" అని బావురుమంది.

ఆ స్థానం భర్తీ చేయగలవాళ్లు లేరు. కానీ ఆమె తెమ్మన్న చీటీలు నా సంచిలో ఉన్నాయి. ఒకటి తీసి లక్ష్మమ్మ పక్కన చతికిలబడ్డాను.

"సెప్పు, లక్ష్మమ్మా" అన్నాను.

ఒక్క మాటా దిద్దలేదు, అమ్మగారూ.