భీమడోలులో దిగిన పింగాణీ బొమ్మ

నాకు మనుషుల కొలతలకంటే బొమ్మల కొలతలే బాగా తెలిసిన కాలం ఒకటుండేది. తాడేపల్లిగూడెంలో మా పిన్ని ఇంటి వసారాలో, కిటికీ పక్కన చాప మీద కూర్చుని, పింగాణీ బొమ్మలకి పట్టు లంగాలూ జాకెట్లూ కుట్టడం, పూసలతోనూ ఇత్తడి తీగతోనూ నగలు చెయ్యడం మా పని. ఇప్పుడైతే ఎవరికి ఎలాంటి బొమ్మ కావాలన్నా ఫోన్‌లో ఫోటో పంపిస్తారు, చూసి చేసేస్తాను. అప్పట్లో అలా కాదు. పిన్నికి ఎవరైనా ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి, చెబుతూ చెబుతూ నవ్వాలి, లేకపోతే ఏడవాలి, అప్పుడుగానీ ఆవిడ కత్తెర కదిలేది కాదు. చిన్నప్పుడు ఆయాసం వల్ల నేను బడికి వెళ్ళలేదు. ఇంట్లోనే పిన్ని చదువు చెప్పింది. అక్షరాలు కీర్తనల పుస్తకంలోంచి, లెక్కలు లేసు అల్లికలోంచి. అందువల్ల పాటలన్నీ చరణాలతో సహా వచ్చేవి, లోకం మాత్రం బొత్తిగా వచ్చేది కాదు. (దేనికైనా దేవునికి స్తోత్రం. ఆ రెండోది తర్వాత నిదానంగా, దెబ్బలు తింటూ నేర్చుకున్నాను.)

బొమ్మంటే తిరనాళ్ళలో దొరికే రబ్బరు బొమ్మ కాదండి. తల, ముంజేతులు, పాదాలు పింగాణీవి, గడ్డిలో చుట్టి పార్సిల్లో వచ్చేవి. ఒళ్ళు మేమే గుడ్డతో కుట్టి, ఏలూరు తివాచీల వాళ్ళ దగ్గర మిగిలిపోయిన ఉన్ని ముక్కలు కూరేవాళ్ళం. ఇక అక్కణ్ణించి అలంకారం. ఆవగింజంత పూసలతో చెవులకి బుట్టలు, తీగని సాగగొట్టి వడ్డాణం, చమ్కీలతో కాసులపేరు, నల్లదారం జడకి కుప్పెలు. మాదేమో నగలు పెట్టుకోని క్రైస్తవ సంఘం. చెవులూ మెడా బోసిగా ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పింగాణీ పిల్లకి పాపిటబిళ్ళ సరిగ్గా నడిమికి వచ్చిందా లేదా అని అన్నం చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్ళం. సంఘంలో ఒక పెద్దావిడ వచ్చి చూసి, "ఏమ్మా, మనకి కూడదన్నవన్నీ దీనికి పెడతావేంటీ?" అని నిలదీసింది. పిన్ని సూది దించకుండానే, "దీనికి అతిశయం ఉండదు కదండీ, వదినగారూ" అంది. ఆవిడ వెళుతూ వెళుతూ మనవరాలికి ఒక బొమ్మ చెప్పి వెళ్ళింది.

అలాంటి రోజుల్లో మా వసారాలోకి ఒకావిడ వచ్చింది. నేను ఆవిడని లంకక్క అనేదాన్ని, కొల్లేటి లంకలో కాపురం కనక. పుట్టిల్లు భీమడోలు. అంతకుముందు వానాకాలంలో, కొల్లేటిలోకి వరదనీళ్ళు దిగినప్పుడు, వాళ్ళ పడవ తిరగబడింది. అందర్నీ పైకి లాగారు. కూతురు చిట్టి ఒక్కతే దొరకలేదు. చేపల చెరువుల వాళ్ళంతా వలలు తెచ్చి వేసి వెతికారట. ఉప్పుటేటిలో పడి సముద్రంలోకి వెళ్ళిపోయి ఉంటుందన్నారు. ఒళ్ళు దొరకలేదు కాబట్టి భూస్థాపన లేదు. చర్చి అయ్యగారు ఇంటికొచ్చి, ఓదార్చడానికి ఆదరణ కూడిక పెడితే, ఈవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయిందట. "చిట్టి రాలేదంతే గదా, దానికి ఆదరణ ఎందుకండీ?" అందట.

ఆవిడ సంచిలోంచి ఒక ఆకుపచ్చ పట్టు లంగా తీసి పిన్ని ఒళ్ళో పెట్టింది. ముఖం ఎంత ప్రశాంతంగా ఉందో!

"చిట్టి వచ్చేసరికి ఇది పొట్టైపోతుందండి. ఆడపిల్లలు ఎంతలో ఎదుగుతారు! ఎవరింట్లో పెరుగుతోందో ఏమో. దీన్ని ఒక బొమ్మకి కట్టించి ఉంచితే, వచ్చాక ఆడుకుంటుంది. నగలు మాత్రం నిండుగా పెట్టండి. తనకి ఆ పిచ్చి."

ఆవిడ మంచినీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళగానే, గుమ్మంలో చెప్పుల దగ్గరే నిలబడిపోయిన భర్త గొంతు తగ్గించి, "కాదనకండి, అమ్మగారూ" అన్నాడు. అంతలోనే, "చెయ్యనూ వద్దండి" అన్నాడు. ఆ తర్వాత రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "ఏం చెప్పాలో నాకూ తెలీటం లేదండి. సాయంత్రం బడి బస్సు ఆగే చోటికెళ్ళి నిలబడుతోంది. ఇక ఆ బొమ్మ కూడా వచ్చి ఇంట్లో కూర్చుంటే ఈ మనిషి తేరుకోదండి. మా పాప ఎటూ పోయింది. ఈవిడ కూడా పోతుంది."

పిన్ని కాదనలేకపోయింది. "మనం కాదంటే ఇంకొకరి దగ్గరికి వెళుతుంది. మనమైతే కనీసం ప్రార్థన చేసుకుని కత్తెర వేస్తాం" అంది నాతో. ప్రార్థన అయితే చేసుకున్నాం, కత్తెర మాత్రం పడలేదు. "నువ్వు వెయ్యవే, నీ చెయ్యి తేలిక" అని ఆవిడ, "నువ్వు పెద్దదానివి పిన్నీ" అని నేను, ఆ కత్తెర మా ఇద్దరి మధ్యా పళ్ళెంలో చివరి గారెలా అటూ ఇటూ తిరిగింది. చివరికి పిన్నే వేసింది. అంచు దగ్గర, పిల్ల ఎదిగినకొద్దీ విప్పుకోవచ్చని వాళ్ళమ్మ వేసిన మడతలు ఉన్నాయి. వాటిని విప్పితే లోపల పట్టు, ఎండ తగలక, కొత్తగా మెరిసిపోయింది. ఆ మెరిసే భాగంతోనే బొమ్మ లంగాకి అంచు వేశాం. నేను ఆ రోజు ఏడవలేదు. కుట్టేటప్పుడు కన్నీళ్ళు పడితే పట్టు మీద మరకలవుతాయని పిన్ని చిన్నప్పుడే నేర్పింది.

బొమ్మ తయారైంది. మా చేతుల్లోంచి అంతకు ముందు గానీ తర్వాత గానీ అంత అందమైన బొమ్మ రాలేదని చెప్పుకోవడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది, కానీ నిజం. భీమడోలుకి బస్సులో తీసుకెళితే వేళ్ళు విరుగుతాయని (అంతకుముందు ఒక పెళ్ళికూతురు అలాగే మొండిచేతులతో అత్తారింటికి చేరింది), మా వీధి చివర వడ్రంగి పెట్టెల మామయ్యకి చెక్కపెట్టె చెయ్యమని చెప్పాం. ఆయన మంచాలూ బీరువాలూ కూడా చేస్తాడుగానీ, చెయ్యి తిరిగింది మాత్రం శవపేటికల్లో. పిన్ని కొలతలు చెప్పి వచ్చింది. ఎలాంటి పెట్టె అన్నది చెప్పలేదు, చెప్పాలని ఎవరికి తోస్తుందండీ?

మేం ప్రయాణానికి చీరలు కట్టుకుని ఆటో పిలిచాక, ఆయన పెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. భుజాల దగ్గర వెడల్పు, పాదాల దగ్గర సన్నం. నల్లటి వార్నిషు. లోపల తెల్లటి శాటిన్ కుచ్చులు. మూత మీద చిన్న సిలువ.

"సిలువ నా తరఫున, చెల్లెమ్మా" అన్నాడు.

పిన్ని చేతిలోని సంచి కింద పెట్టేసింది. "ఇదేంటి అన్నయ్యా! ఇది బొమ్మకండీ!"

"బొమ్మకే గదా. భుజాలు వెడల్పు, కాళ్ళు సన్నం. నలుచదరంగా చేస్తే లోపల దొర్లుతుంది. నా పెట్టెలో పడుకున్నవాళ్ళు ఇంతవరకూ ఒక్కరు కూడా దొర్లలేదు."

పిన్ని ఇంకా ఏదో అనబోయేలోపే ఆయన బొమ్మని జాగ్రత్తగా పడుకోబెట్టి, మూత వేసి, మరలన్నీ బిగించేసి, స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. లంకక్క భీమడోలు స్టేషన్‌కి వచ్చి ఎదురుచూస్తుంది. సిలువ కనబడకుండా ఉంటుందని నేనే లోపలికి పరిగెత్తి ఒక దుప్పటి తెచ్చి కప్పాను. తెల్ల దుప్పటి.

పాసింజరు ఎక్కేసరికి పెట్టె చూసి జనం రెండు పాయలుగా విడిపోయారు. కూర్చున్నవాళ్ళు లేచి మొత్తం బల్ల మాకు వదిలేశారు. ఖాళీ చేపల బుట్టతో వెళుతున్న ఒక మామ్మ, బుట్ట దూరంగా తోసి వచ్చి, నా తలని తన భుజం మీదికి లాక్కుంది. "నెలల బిడ్డా, తల్లీ?" అంది. పందొమ్మిదేళ్ళ పెళ్ళికాని పిల్లని నేను. పెద్దవాళ్ళ మాటకి అడ్డు చెప్పకూడదని పెరిగినదాన్ని. భుజం మీద నుంచి తల తియ్యకుండా ఊరుకున్నాను.

పిన్ని మాత్రం ఊరుకోలేదు. "అయ్యో, కాదండీ! ఇందులో ఉన్నది పింగాణీ బొమ్మండీ. మేం బట్టలు కుట్టాం, నగలు పెట్టాం, అంతేనండి!"

బోగీలో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎదురుగా ఉన్న పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అమ్మమ్మగారికి మతి చలించినట్టుందండి. కాదనకండి, పాపం" అన్నాడు. (పిన్నికి అప్పటికి ఇంకా నలభై నిండలేదు. ఆ 'అమ్మమ్మగారు' అన్న మాటకి ఆవిడ ఆయన్ని క్షమించడానికి చాలా కాలం పట్టింది.)

"పోనీ మూత తీసి చూపిస్తానండి. ఎవరి దగ్గరైనా స్క్రూడ్రైవర్ ఉందా అండీ?"

అంతే, బోగీ అంతా గొల్లుమంది. "వద్దమ్మా, తెరవద్దు! చూడలేవు!" అని ఆడవాళ్ళు పిన్ని చేతులు పట్టుకున్నారు. టికెట్లు చూడ్డానికి వచ్చినాయన, నేను రెండు టికెట్లూ పైకెత్తి చూపిస్తున్నా చూడకుండా, తల వంచుకుని పక్క బోగీలోకి వెళ్ళి, అక్కడున్న ఒక కుర్ర అయ్యగారిని పంపించాడు. ఆ అయ్యగారు బైబిలు గుండెలకి హత్తుకుని వచ్చి, వివరాలేమీ అడక్కుండా, భూస్థాపన కూడికల్లో పాడే పాట అందుకున్నాడు.

ఇక్కడ నా పెంపకం నన్ను ముంచింది. పాట మొదలైతే ఊరుకోవడం నా చేత కాదు. మొదటి చరణానికే గొంతు కలిపాను. రెండో చరణం అయ్యగారు మర్చిపోతే నేను ఎత్తుకున్నాను. "బిడ్డ పోయినా ఎంత విశ్వాసమో చూడండి!" అని మామ్మ కళ్ళొత్తుకుంది. పిన్ని నా తొడ మీద గట్టిగా గిల్లింది.

"నోరు ముయ్యవే!"

"పాట మధ్యలో ఎలా ఆపను, పిన్నీ?"

అయితే ఒక్కటి చెప్పాలి. ఆ పాట పాడుతూ నేను నిజంగానే ఏడ్చాను. లంగా కత్తిరించిన రోజు ఆపుకున్నదంతా అప్పుడు వచ్చింది. నా ఒక్కదానికే కాదు, పిన్ని కూడా పెట్టె మీద తల ఆనించి ఏడ్చింది. లోపల పిల్ల లేదని తెలిసినవాళ్ళం మేమిద్దరమే, అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ మేమిద్దరమే.

ఎక్స్‌ప్రెస్ దాటాలని భీమడోలులో బండి ఆపేశారు. మేం లేచేలోపే నలుగురు మగవాళ్ళు పెట్టెని భుజాలకెత్తుకున్నారు. ముందు అయ్యగారు, వెనక పెట్టె, ఆ వెనక మామ్మ చేతుల్లో నేను, పాట ఆగలేదు. ప్లాట్‌ఫారం మీద లంకక్క నిలబడి ఉంది. తలలో పూలు పెట్టుకుని, నవ్వుమొహంతో. ఆ నవ్వు ఆవిడ మొహం మీంచి ఎలా దిగిపోయిందో నేను చూశాను. అది మాత్రం హాస్యానికి కూడా రాయలేను.

భర్త పరిగెత్తుకొచ్చాడు. "ఏంటండీ ఇది? ఎవరు చెయ్యమన్నారండీ ఇలా? దించండి, దించండి!" పెట్టెని సిమెంటు బెంచీ మీద దించారు. దుప్పటి జారిపోయింది. పిన్ని ఆయన కాళ్ళ మీద పడేంత పని చేసి, వడ్రంగి సంగతీ, మరల సంగతీ గడగడా చెప్పేసింది. పాట ఆగిపోయింది. కుర్ర అయ్యగారి చెవులు ఎర్రబడిపోయాయి. "క్షమించండమ్మా, బొమ్మని తెలీక..." అంటూ బైబిలు మూశాడు.

లంకక్క బెంచీ దగ్గరికి వచ్చింది. సిలువ మీద వేళ్ళు పెట్టింది.

"మూయకండి, అయ్యగారూ. మొత్తం చెయ్యండి."

"లోపల బొమ్మ గదమ్మా..."

"లోపల మా చిట్టి లంగా ఉందండి. మాకు మిగిలింది అదే. దానికే చెయ్యండి."

అప్పుడే ఎక్స్‌ప్రెస్ వచ్చింది. పక్క పట్టా మీద అది దడదడలాడుతూ పోతుంటే అయ్యగారు నోరు తెరిచి ఆగిపోయాడు. ఆ చప్పుడులో లంకక్క నోరు కూడా తెరుచుకుంది. బండి దాటిపోయాక తెలిసింది, ఆవిడ అరుస్తోందని. చిట్టి పోయిన తర్వాత ఆవిడ ఏడవడం అదే మొదటిసారి అని భర్త తర్వాత చెప్పాడు. ఆయన ఆవిడ పక్కన ప్లాట్‌ఫారం మీద కూలబడి, తనూ ఏడుస్తూ, "ఏడవ్వే, ఏడు" అంటూనే ఉన్నాడు. అయ్యగారు మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు. ఈసారి చిట్టి పేరు చెప్పి.

పాసింజరు కూత వేసింది. ఎక్కాల్సినవాళ్ళు ఎక్కారు. అయ్యగారూ, చేపల మామ్మా ఎక్కలేదు. ఊళ్ళో సమాధుల దొడ్డిలో, లంకక్క వాళ్ళ నాన్నగారి పక్కన, చిన్న గొయ్యి తీశారు. పెట్టె దించేముందు పిన్ని మెల్లిగా, "స్క్రూడ్రైవర్ తెప్పిస్తామమ్మా, ఒక్కసారి చూస్తావా?" అని అడిగింది.

"వద్దండి. చూస్తే మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళిపోతాను."

అలా ఆ బొమ్మని మేమిద్దరమూ, పెట్టెల మామయ్యా తప్ప ఇంకెవరూ చూడలేదు. లంకక్క ఇక బస్సు దగ్గరికి వెళ్ళడం మానేసిందని తర్వాత కబురొచ్చింది. నవ్వడం మాత్రం చాలా ఆలస్యమైందట. దేవుడు ఎవరి తప్పులోంచి ఎవరికి దారి చూపిస్తాడో నాకు ఇప్పటికీ తెలియదు. కృతజ్ఞత చెప్పుకోవడమే తెలుసు.

మట్టి వేసి అందరూ తిరిగి నడుస్తుంటే, చేపల మామ్మ నా పక్కకి వచ్చింది. ప్లాట్‌ఫారం మీద ఇంత జరిగినా ఆవిడకి సంగతి సగమే అర్థమైంది. నా చెంపలు రెండూ చేత్తో నిమిరి, "దిగులు పెట్టుకోకమ్మా, ఏడాది తిరక్కుండా నీ కడుపున మళ్ళీ పండంటి బిడ్డ పుడుతుంది" అని దీవించింది. పక్కన పిన్ని దగ్గు వచ్చినట్టు కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు పెళ్ళి కాలేదు, ఆ ఏడూ కాలేదు, తర్వాతా కాలేదు. అయినా ఇప్పుడు ఏ బొమ్మకైనా జడ అల్లుతూ కూర్చున్నప్పుడు అప్పటి ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల, నేనే, గుర్తొస్తుంది. ముక్కు ఎర్రగా, చీర కుచ్చిళ్ళ నిండా మట్టితో, మామ్మకి రెండు చేతులూ జోడించి ఎంత మర్యాదగా అందనీ, "అలాగేనండీ, వందనాలండీ" అని!