పాయసం కింద మంట పెట్టిన సైన్సు మాస్టారు

1997 జనవరి నెలాఖరు. పదేళ్లు మా మామ కింద గరిటె తిప్పాక, నా పేరు మీద ఒప్పుకున్న మొదటి పెళ్లి వంట, సత్యవేడులో. నాలుగు వందల ఆకులు. పెళ్లికొడుకు వాళ్లు సరిహద్దు అవతలి అరవ వాళ్లు. ఆ పూట వంట చెడిందంటే నేను మళ్లీ మామ వెనక గిన్నెలు మోయాల్సిందే.

పొద్దున్నే పెళ్లికూతురి నాయన నెయ్యి డబ్బా మూత తీసి కేక పెట్టారు.

"ఏమప్పా, నెయ్యి అని సెప్పి డాల్డా తెచ్చినావే!"

నేను నోరు తెరిచేలోగా పెళ్లికూతురి మేనమామ అడ్డం వచ్చారు. ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారు.

"బావా, ఇది భౌతిక మార్పు. సలికి గడ్డ కట్టిండాది. వెచ్చబెడితే మళ్లా నెయ్యే."

డబ్బాను వేడినీళ్లలో పెట్టించారు. నెయ్యి కరిగి ఘుమఘుమలాడింది, నా పరువు నిలిచింది. ఆ సంతోషంలో ఆయన్ను వంటసాలలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదొక్కటే.

పాయసానికి మా వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. బెల్లం పాకం బాగా చల్లారాకే పాలు కలపాలి. కలిపాక దాని కింద మళ్లీ మంట పెట్టకూడదు. ఉడికిన పెసరపప్పు వడ్డించే ముందు వేస్తాం. నేను పాలూ పాకమూ గుండిగలో కలిపి, మూత పెట్టి, అరిటాకులు చూసొద్దామని బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి గుండిగ కింద పొయ్యి భగభగ మండుతోంది.

"సల్లారిపొయ్యిండాదప్పా. వెచ్చబెడితే మామూలైపోతాది," అన్నారు మాస్టారు, గర్వంగా.

మూత తీశాను. పైన పసుపుపచ్చ నీళ్లు, అడుగున విరిగిన పాల ముక్కలు.

"సార్, దీన్ని మళ్లా పాలు సెయ్యండి."

ఆయన తొంగిచూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ తొంగిచూశారు.

"ఇది రసాయన మార్పు," అన్నారు చిన్న గొంతుతో. "ఎనక్కి రాదు."

"ఆ ముక్క మంట పెట్టకముందు సెప్పుంటే బాగుండు గదా సార్!"

ముహూర్తం ఇంకా గంట ఉంది. పెళ్లింట పాలు విరిగాయంటే అపశకునమంటారు, మగపెళ్లివాళ్ల చెవిన పడితే ఇంకేమన్నా ఉందా? మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు.

"నా మేనకోడలి పెళ్లప్పా. ఏందో ఒకటి సెయ్యి."

కోపం పోయి జాలేసింది. "ఎనక్కి రాదంటిరి గదా సార్. ముందరికే పోదాం. తెడ్డు పట్టండి."

రెండు బాణళ్లలోకి పంచి, ముద్దయ్యేదాకా ఇగరబెట్టాం. అరవ వాళ్లు తిరట్టుపాలు అంటారే, ఆ కోవా. పెళ్లికూతుర్ని మండపానికి తీసుకురమ్మని పిలుపొస్తే మాస్టారు మసి అంటిన పట్టుపంచెతోనే పరుగెత్తి, ఆమెను పీట మీద కూర్చోబెట్టి, మళ్లీ వచ్చి తెడ్డు అందుకున్నారు. ఉడికిన పప్పు సాంబారులోకి పోయింది.

భోజనాల దగ్గర ఆకుకో ముద్ద వడ్డించాం. పెళ్లికొడుకు అవ్వ నోట్లో వేసుకుని ఆగిపోయింది.

"తిరట్టుపాలు! మా పద్ధతి తెలుసుకోని సేసినారే! ఎవరు సెప్పినారు?"

నేను మాస్టారి వైపు చూపించాను. మనవడి పెళ్లిలో ఇంతకన్నా మర్యాద ఏముంటుందని ఆ అవ్వ ఆయన్ను దీవించింది. ఆయన తల ఎత్తలేదు.

అందరూ తిన్నాక, మాస్టారు బొబ్బలెక్కిన చేతుల్తో నా పక్కన ఆకు వేసుకుని కూర్చున్నారు.

"పాలు విరిగితే రసాయన మార్పని ఇరవై ఏండ్లుగా సెప్తా ఉండానప్పా. విరిగినాక ఏం సెయ్యాల్నో ఒక్కనాడూ సెప్పలా."

ఆ రోజు నుంచి వంటలో ఏది చెడినా, అది వెనక్కి వస్తుందా రాదా అని ముందు చూసుకుంటాను. రాదంటే దాని కోసం ఏడవను, ఇంకేమవుతుందో ఆలోచిస్తాను. మాస్టారు తన కూతురి పెళ్లికీ నన్నే పిలిచారు. ముహూర్తం అయ్యేదాకా వంటసాల గడప తొక్కనని ఆయన చేత మాట తీసుకున్నాకే ఒప్పుకున్నాను.