పొద్దున బెల్లప్పాకం, సాయంత్రం యాసిడ్

మా గోడ పక్కింటి సాయిబాబు నోట పుట్టిన అభిప్రాయం ఒక్క పూట బతికితే గొప్ప. పొద్దున టీ అమృతమని మెచ్చుకున్న కొట్టునే మధ్యాహ్నం "అది టీయా, గిన్నెలు కడిగిన నీళ్ళా?" అని తిట్టి, సాయంత్రం మళ్ళీ అక్కడే గ్లాసు పట్టుకుని నిలబడతాడు. వాళ్ళావిడ నాగవేణి పెళ్ళయినప్పటి నుంచీ ఈ ఊగులాట భరిస్తోంది. "నన్నే చూడు రోశమ్మత్తా, కూర కుదిరిన రోజు మహాలక్ష్మిని. ఉప్పెక్కువైన రోజు మా అమ్మ కూతుర్ని" అంటుంది.

ఒక్క రాళ్ళ సంగతిలోనే మనిషి మాట మార్చడు. మాచర్లలో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో రంగులు ఏరే పని అతనిది. రాయి మీద చెంబెడు నీళ్ళు పోసి, తడిసిన రంగు చూసి, ఇది ఫలానా వరసలోకి అంటే ఇక తిరుగు లేదు. ఆ ఏరుడు నచ్చి, ఇల్లు కట్టుకుంటున్న బెంగళూరు ఆసామి ఒకాయన అతనికి ఒక సీసా బహుమతి ఇచ్చి పోయాడు. బర్బన్ అట. మొక్కజొన్నతో కాచే అమెరికా విస్కీ. మన విస్కీ ఘాటు నలభై రెండో మూడో అయితే, దీనిది అరవై అని సీసా మీదే ఉంది. ఇవన్నీ వాటంతటవే నా చెవిన పడ్డవి కావు, అడిగాను. గోడవతలికి కొత్త సీసా వస్తే అడక్కుండా ఉండటానికి నేనేమైనా గోడనా?

సీసా తెరిచిన సాయంత్రం మునగాకు కోసమని నేను స్టూలెక్కాను. అవతల అరుగు మీద ఏలియా కూడా ఉన్నాడు. ఇద్దరూ కుర్రతనం నుంచీ ఒకే క్వారీ, ఒకే బండి, ఒకే క్వార్టరు సీసా. రాతిపొడి పీల్చీ పీల్చీ ఏలియాకి ముక్కు ఏనాడో మొద్దుబారింది; ఏది ఏ వాసనో సాయిబాబే చెప్పాలి. పోయినేడు కాలేయం చెడి నరసరావుపేట ఆసుపత్రిలో చావుదాకా వెళ్ళొచ్చాడు. ఇంకొక్క చుక్క పడితే బతకవని డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి సోడా తాగుతూ, పాత అలవాటు కొద్దీ రోజూ వచ్చి కూర్చుంటాడు.

సాయిబాబు నీళ్ళు కలపకుండానే ఒక గుక్క వేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు బయటికొచ్చాయి.

"థూ! ఇది మందా? లారీ బ్యాటరీలో పోసే యాసిడ్! ఆయన నన్ను మెచ్చి ఇచ్చాడో, పగబట్టి ఇచ్చాడో!"

అందాకా సీసా మీద నుంచి చూపు తిప్పని ఏలియా పకపకా నవ్వాడు. "అయితే నేను పోగొట్టుకుందేం లేదన్నమాట బావా" అని తేలిగ్గా లేచి ఇంటికి పోయాడు.

మర్నాడు సాయిబాబు పళ్ళు తోముకుంటుంటే అడిగాను. "ఏరా, ఆ యాసిడ్ పారబోశావా?"

"పారబొయ్యటమేంది అత్తా! రాత్రి, రాయి మీద పోసినట్టు కాసిని నీళ్ళు పోసి చూశా. అప్పుడు తేలింది అసలు రంగు! బెల్లప్పాకం వాసన. ఆ ఎనకే కాలిన చెక్క పొగ. చానా మంచి సరుకు."

ఆ సాయంత్రం మళ్ళీ మునగాకు కోసం స్టూలెక్కితే, ఏలియాతో ఇలా అంటున్నాడు: "నీళ్ళు పోస్తే ఇంకా కంపురా. పురుగుమందు డబ్బా కడిగినట్టుంది."

ఇక చూడండి. పొద్దుటి అభిప్రాయం రోజురోజుకీ మేడెక్కుతోంది, సాయంత్రపు అభిప్రాయం బురదలోకి దిగుతోంది. పొద్దున ఎండు ఖర్జూరం, సాయంత్రం కిరసనాయిలు. పొద్దున "నాలిక్కి పట్టుబట్ట చుట్టినట్టుంది అత్తా", సాయంత్రం "టైరు కాల్చి పిండినట్టుందిరా". నాకు ఒళ్ళు మండింది.

"ఏమే నాగవేణీ, మీ ఆయన నాలుక రెండు షిఫ్టులు చేస్తందా?"

"ఓట్లకి నిలబెడదాం అత్తా. రెండు పార్టీల్లోనూ గెలుస్తాడు."

ఇంత నిలకడలేని మనిషి పల్నాడులోనే లేడని వీధంతా చెప్పాను. విన్న విషయం కడుపులో దాచుకుంటే నాకు అరగదు.

ఒక సాయంత్రం, మునగచెట్టుకి ఆకు మిగలకపోయినా స్టూలెక్కాను. ఏలియా నవ్వటం లేదు.

"ఒక్క మూత పొయ్యి బావా."

"దేనికిరా?"

"నువ్వు రోజూ తిడతన్నావు, సీసా రోజూ తగ్గతంది. అంత దరిద్రమైంది ఎట్టా తాగతన్నావు? ఒక్క మూత. రుచి చూసి ఊసేస్తా. రూతమ్మకి తెలవదులే."

రూతమ్మ ఏలియా వాళ్ళావిడ. ఆసుపత్రి వరండాలో ఆమె కూర్చున్న తీరు నాకింకా గుర్తుంది.

సాయిబాబు లోపలికెళ్ళి సీసా తెచ్చాడు. ఇంకా సగముంది. మూత తీశాడు. రూతమ్మని కేకేద్దామని నేను నోరు తెరిచాను.

"పారబొయ్య మనసొప్పక తాగతన్నారా. ఇయ్యాల్టితో ఈ పీడ వదిలిస్తా" అని, అరుగు ముందు పరిచిన నాపరాయి మీద గడగడా సీసా వంచేశాడు. కొత్త బండి చెరువులో మునిగిపోతుంటే గట్టు మీద నిలబడ్డవాడి మొహం అతనిది.

వాసన గోడ దాటి వచ్చింది. అమ్మో, ఏం చెప్పను! పొయ్యి మీద అరిసెల పాకం పొంగుతున్న ఇంట్లోకి అడుగుపెట్టినట్టుంది.

ఏలియాకి ఇంకా అనుమానం తీరలేదు. తలెత్తి నన్ను చూశాడు. "అత్తా, నువ్వు చెప్పు. వాసన ఎట్టా ఉంది?"

సాయిబాబు నా వంక చూశాడు. ఆ పొద్దుటి షిఫ్టు, ఈ సాయంత్రపు షిఫ్టు అప్పుడు కలిశాయి నా బుర్రలో. సాయంత్రం అరుగు మీద ఎవరుంటారు? పొద్దున ఎవరుండరు? ఊరందరి గుట్టూ ఆరా తీసే దాన్ని, ఇంత చిన్న ప్రశ్న వేసుకోలేదు.

"ఎలక చచ్చిన కంపురా అబ్బాయ్!" అని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. "కడుపులో దేవేస్తంది. నాగవేణీ, ముందు ఆ రాయి కడగవే!"

ఏలియా పకపకా నవ్వి, సోడా ఇమ్మన్నాడు.

మర్నాడు ఆదివారం. సాయిబాబు నోట్లో పళ్ళపుల్లతో, నాగవేణి శుభ్రంగా కడిగేసిన రాయి మీదికి వంగి వాసన వెతుక్కుంటున్నాడు.

"ఏరా, ఇప్పుడన్నా ఒక్క మాట మీద నిలబడు. ఎట్టాంటి సరుకది?"

"అట్టాంటిది మళ్ళీ దొరకదు అత్తా. ముందు నిప్పు. తర్వాత పాకం. ఆ ఎనక..." కళ్ళు మూసుకున్నాడు.

సందు మలుపులో బండి హారన్ మోగింది. ఏలియా, రూతమ్మ ప్రార్థనకి వెళ్తున్నారు.

"...ఆ ఎనక యాసిడ్!" అని సాయిబాబు కళ్ళు తెరవకుండానే అరిచాడు.

"ఎలక సంగతి మర్చిపోయావేందిరా!" అని నేను స్టూలు మీద నుంచి అందించాను.