మా మేనత్త భుజం పట్టేసిన ఏడాది

నా చిన్నప్పుడు మా చెల్లికీ నాకూ ఒకే రోజు చెవులు కుట్టించారు. దాని చెవులు తొందరగానే మానిపోయాయి. నావి మానినట్టే మాని, కుట్టినచోట కండ పెరిగి, రేగుపండంత కాయలు కట్టాయి. చెల్లికి ఎర్రరాళ్ల కమ్మలు పెట్టారు. చూడవచ్చినవాళ్లంతా దాని ముఖం అటూ ఇటూ తిప్పి మురిసిపోతుంటే, నేను జుట్టు చెవుల మీదికి లాక్కుని తలుపు పక్కన నిలబడేదాన్ని.

మాది పర్చూరు దగ్గర పల్లె. ఆ వేసవిలో కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. చెల్లి స్నానానికి వెళ్తూ తీసిపెట్టిన కమ్మల్లో ఒకటి తీసుకెళ్లి ఆ కాయల్లో పడేశాను. ఎర్రటి కాయల్లో ఎర్రరాయి ఎవరికి కనపడుతుందిలే అనుకున్నాను.

చెల్లి ఏడుస్తుంటే ఇల్లంతా వెతికారు. మా ఇంట్లోనే ఉండే మేనత్త మాత్రం నేను కల్లం వైపు నుంచి రావడం చూసిందేమో, నా ముఖం వంక ఒకసారి చూసి నన్ను అక్కడికే తీసుకెళ్లింది. ఆమె కుడి భుజం ఏడాదిగా పట్టేసి ఉంది. ఆ చెయ్యి తల దాకా లేచేది కాదు. ఎడమచేత్తోనే కాయలు పక్కకు లాగుతూ, ఘాటుకి దగ్గుతూ వెతకసాగింది. కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. చూస్తూ నిలబడలేక, పడేసిన మూలకి వెళ్లి కమ్మ తీసి ఆమె చేతిలో పెట్టాను.

తిడుతుందనుకున్నాను. ఆమె తన జుట్టు తొలగించి చెవి వెనక చూపించింది. నాకున్నలాంటి కాయే. వాళ్లక్క చెవులు చూసి తనూ చాలా ఏళ్లు కుళ్లుకుందట.

"మన ఒంటికి దెబ్బ మానిందని తెలీదే. ఇంకా మాన్పుతానంటా పేరుస్తానే ఉంటది. నా భుజం లోపలా ఇదే అయ్యుంటది. నువ్వు చెల్లిని చూసి ఏడ్చినప్పుడల్లా ఆ కాయ గిల్లుతున్నావు. గిల్లితే పెరుగుద్ది" అంది.

కమ్మ కల్లంలో దొరికిందని మాత్రం ఇంట్లో చెప్పింది. నా పేరు ఎత్తలేదు.

నిరుడు నా భుజమూ అలాగే బిగుసుకుపోయింది. గుంటూరులో డాక్టరుగారికి నా చెవులు చూపించి, అత్త అన్నమాట నిజమేనా అని అడిగాను. రెండిట్లోనూ ఒళ్లు అవసరానికి మించి మాన్పుకుంటుందనీ, అంతమాత్రాన కాయలు కట్టే తత్వం ఉన్నవాళ్లకే భుజం పట్టేస్తుందని తేల్చి చెప్పలేమనీ ఆవిడ అన్నారు. "ముందు మీ షుగరు సంగతి చూసుకోండమ్మా. దానికీ భుజానికీ సంబంధం ఉందన్నది మాకు గట్టిగా తెలుసు" అన్నారు.

భుజం గురించి అత్త చెప్పింది ఊహే కావచ్చు. నేను దాచుకున్నది ఆమె రెండో మాట, గిల్లితే పెరుగుద్దన్నది. మొన్న చెల్లి నన్ను చూడ్డానికొచ్చింది. కబుర్లు చెబుతూనే, నేను ఎత్తలేనంత సులువుగా రెండు చేతులూ పైకెత్తి దండెం మీద నా చీర ఆరేసింది. ఈ వయసులోనూ నాకు చురుక్కుమంది. ఆ చురుకు దానంతటది తగ్గేదాకా ఊరుకున్నాను. గిల్లుకోలేదు.