వస్తాను అన్న మాటకు ఇంగ్లిష్

మా ఆయనకు ఆకలేస్తే ‘పీస్ ఆఫ్ కేక్’ అంటారు. మొదటిసారి అన్నప్పుడు నిజమేననుకుని సందు చివర బేకరీకి పరుగెత్తి కేకు ముక్క తెచ్చి నోటి దగ్గర పెట్టాను. ఎడంచేత్తో తోసేశారు. క్రీమంతా దుప్పటి మీద పడింది. అప్పటికే ఆ రోజు ఒక దుప్పటి ఉతికి ఆరేసి ఉన్నాను.

ఆయన నూజివీడు కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంటర్ పిల్లలకు ఇడియమ్స్, ఒకదాని బదులు ఒకటి వాడేసే మాటల తేడాలు చెప్పడంలో ఆయనది పెట్టింది పేరు. పోయిన వానాకాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట కూడా పడిపోయింది. కొన్నాళ్లకు మాట తిరిగొచ్చింది గానీ తెలుగు రాలేదు. వచ్చినవల్లా క్లాసులో ఏళ్ల తరబడి వల్లె వేయించిన ఇంగ్లిష్ ముక్కలు.

విజయవాడ డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

“అలవాటుగా నోటికొచ్చేసినవి అలా మిగిలిపోతాయమ్మా. ఆయన చెప్పాలనుకునేది ఒకటి, బయటికొచ్చేది ఒకటి. ఇంట్లో మీరే అర్థం చేసుకోవాలి.”

మీరే అంటే నేనే. తెలుగు మీడియంలో పదో తరగతి, అందులోనూ ఇంగ్లిష్ అత్తెసరు మార్కులతో గట్టెక్కిన నేను. ఈ వయసులో కళ్లజోడు పెట్టుకుని ఆయన పాత గైడు ముందేసుకున్నాను. ‘అండర్ ద వెదర్’ అంటే ఒంట్లో బాగోలేదని అర్థమట. ఒంటికి బాగోలేకపోతే వాతావరణం ఏం చేసిందో అందులో రాయలేదు. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అంటే కుండపోత వాన అని చదువుకున్నాను. మర్నాడు ఆయన అదే మాట గట్టిగా అంటుంటే కిటికీలోంచి చూశాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. పక్క తడిశాక తెలిసింది ఆయన దేనికి పిలిచారో.

అంటే ప్రతి మాటకూ నాకు రెండు చదువులు. గైడులో ఉన్నదొకటి, ఆయన దగ్గర ఉన్నదొకటి. ‘ఒన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే ఎప్పుడో అరుదుగా అని గైడు చెబుతుంది. మా ఇంట్లో అది కాఫీ, పొద్దున్నా సాయంత్రమూ. ‘కాల్ ఇట్ ఎ డే’ అంటే దిండు సరిచేయమని. కొన్నిటికి ఏ అర్థమూ దొరకదు. అప్పుడాయనకు కోపం వస్తుంది, నాకూ వస్తుంది. చూడ్డానికొచ్చినవాళ్లు ఎంత ప్రేమగా చేస్తున్నావమ్మా అంటారు. ప్రేమ సంగతి ఏమో గానీ, నడుం నొప్పి సంగతి మాత్రం నాకు బాగా తెలుసు.

పెళ్లయిన కొత్తలో ఆయనే నాకు ఇంగ్లిష్ నేర్పబోయారు. మా పుట్టిల్లు రెడ్డిగూడెం, మామిడి తోటలవాళ్లం. నేను ‘మా గార్డెన్’ అంటే, గార్డెన్ అంటే పూలమొక్కలు, మీది ఆర్చర్డ్ అని దిద్దేవారు. ఒకసారి ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరుగారింటికి భోజనానికి వెళ్లాం. తిరిగి బయల్దేరుతూ గుమ్మంలో మేనేజరుగారి భార్యకు వస్తానండీ అని చెప్పబోయి, ‘ఐ విల్ కమ్’ అన్నాను. ఆవిడ పాపం, ‘వెన్?’ అని అడిగింది.

దారి పొడుగునా మా ఆయన పడీ పడీ నవ్వారు.

“వెళ్లేటప్పుడు గోయింగ్ అనాలి. కమ్ అన్నావంటే ఆవిడ కాఫీ పెట్టుకుని నీకోసం కూర్చుంటుంది.”

“బయల్దేరుతూ వెళ్తున్నానని ఎవరైనా అంటారాండీ? అశుభం కాదూ?”

“ఇంగ్లిష్‌కి శుభం, అశుభం లేవు.”

ఆ తర్వాత ఏటా ప్రతి బ్యాచ్‌కీ కమ్, గో తేడా చెప్పేటప్పుడు ఇదే కథ చెప్పేవారు, ఎవరో ఒకావిడ అంటూ. ఆ ఒకావిడ ఎవరో పిల్లలందరికీ తెలుసు. బజార్లో నన్ను చూసి నవ్వుకునేవాళ్లు.

ఈ వేసవిలో కాయకోతలు మొదలయ్యాక అన్నయ్య చిన్నరసాల బుట్టతో వచ్చాడు. నన్ను చూసి బుట్ట దించడం కూడా మర్చిపోయాడు.

“ఏంటే, ఇలా అయిపోయావు? మనింటికొచ్చి నాలుగు రోజులు పడుకో.”

చింతలపూడి నుంచి ఆడపడుచు వచ్చింది. “నేనుంటాగా వదినా, మా అన్నయ్యకి నేను చేసుకోలేనా?” అంది.

నాలుగు రోజులకని చీరలు సర్దడం మొదలుపెట్టాను. చెయ్యి ఆగలేదు. బీరువాలో నా అర మొత్తం సంచిలోకి ఎక్కించేశాను. వెళ్తే మళ్లీ ఈ గదిలోకి రాకూడదనిపించింది. ఎవరికీ చెప్పలేదు. అలా అనిపించినందుకు సిగ్గుపడే ఓపిక కూడా లేదు. బీరువా ఆయన మంచానికి ఎదురుగానే ఉంటుంది. ఆయన చూస్తూనే ఉన్నారు.

అన్నయ్య బయట కారు స్టార్ట్ చేశాడు. మంచం దగ్గర నిలబడ్డాను. వస్తానండీ అనాలి. రాకూడదనుకుంటూ వస్తానని ఎలా అనను? అందుకని ఇంగ్లిష్‌ని అడ్డం పెట్టుకుని, “ఐ యామ్ గోయింగ్” అన్నాను. అందులో శుభాశుభాలు లేవని ఆయనే చెప్పారు కదా.

ఆయన ఎడంచెయ్యి లేపారు. “పీస్ ఆఫ్” అని ఆగిపోయి, తల విదిలించారు. “ఒన్స్ ఇన్” అన్నారు.

“కాఫీయా అన్నయ్యా?” అంది ఆడపడుచు. నాలుగు రోజుల కోసమని అన్నీ నేర్పాను తనకి.

కాదన్నట్టు చెయ్యి ఊపారు. నుదుటి మీద చెమట పట్టింది. ఖాళీ అర వైపు చూసి, నా వైపు చూశారు.

“గోయింగ్... నో. కమ్. ఐ విల్ కమ్.”

తనూ వస్తానంటున్నారనుకున్నాను. “ఈ ఎండల్లో మీరెక్కడికండీ” అన్నాను. తల అడ్డంగా ఊపి, వేలు నా వైపు చూపించారు. క్లాసులో పిల్లలచేత పలికించేటప్పటిలా ఒక్కో మాటా విడదీసి మళ్లీ అన్నారు. “ఐ. విల్. కమ్.” అని, నేను తిరిగి చెప్పేదాకా నా నోటికేసి చూస్తూ ఉండిపోయారు.

“ఐ విల్ కమ్” అన్నాను.

“వెన్?” అని అడిగారు.

“ఆదివారం” అన్నాను. సంచి విప్పి, సగం చీరలు తీసి మళ్లీ అరలో పెట్టేదాకా బయట అన్నయ్య హారన్ కొడుతూనే ఉన్నాడు.