చేతులు ఊపుతూ గుట్టెక్కిన అత్త

మా అత్త పోయింది. తలలో నరం చిట్లిందన్నారు. కరీంనగర్ ఆసుపత్రిలోనే కన్ను మూసింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు గానీ ఆ మర్యాద మా అత్త ఏనాడూ పాటించలేదు. మా మామ దినాల్లో అందరి ముందూ "బతికినన్నొద్దులు చాయల చక్కెర తక్కువైందని ఒర్లిండు, గిప్పుడు సప్పుడు లేకుంట పోయిండు" అన్న మనిషి ఆమె. కాబట్టి నేనూ ఉన్నదున్నట్టే రాస్తాను. ఆమెతో నాకు పడేది కాదు.

మా ఆయనది బొగ్గుబావిలో పని, మా కాపురం కంపెనీ క్వార్టర్లలో. నేను తోమిన గిన్నెలు ఆమె మళ్లీ తోమేది, అదీ వీధి కుళాయి దగ్గర, లైనంతా చూసేట్టు. "నీ చేతులు పనిజేస్తయి గని కండ్లు జెయ్యయే" అనేది. నా పప్పుకి పెట్టని పేరు లేదు. ఈ లోకంలో ఆమె తల వంచింది ఒక్క కొండగట్టు అంజన్నకే. ఏటా మెట్ల దారిన నడిచే ఎక్కేది. మొదటి మెట్టు దగ్గర జోడించిన చేతులు గుడి గడప దాకా విప్పేది కాదు. "చేతులిప్పితె ధ్యాస ఇప్పినట్టే" అనేది. కొబ్బరికాయల తట్ట మోయడానికి నేనున్నాను గదా!

ఒకరోజు కుళాయి దగ్గరే కళ్లు తిరిగి పడింది. గుండె మరీ మెల్లగా కొట్టుకుంటోందని రొమ్ములో పేస్‌మేకర్ పెట్టారు. ఇంటికొచ్చాక బాగానే ఉంది. ఊడ్చింది, నడిచింది, నాతో పోట్లాడింది. గుట్ట దగ్గర మాత్రం కొన్ని మెట్లకే దమ్మొచ్చి కూలబడింది. వెనక్కి దిగుతుంటే గుండె దడదడలాడింది. మా ఆయన ఆటో మాట్లాడి ఘాటు రోడ్డున పైకి తీసుకెళ్లాడు. ఇంటికొచ్చాక అత్త అడిగింది: "ఆటోల పోతే దేవుని తానికి నేను పోయినట్టా, ఆటో పోయినట్టా?"

మా ఆడబిడ్డ అత్తారిల్లు బోథ్‌లో. ఎప్పుడొచ్చినా సంచి నిండా సలహాలు తెస్తుంది. "మిషనున్న ముసల్ది ఇంట్ల మూలకు కూసోవాలె" అని తేల్చేసింది. అందరూ అవునన్నారు. అత్త నిజంగానే మూలకు కూర్చుంది. నా పప్పు పేరు పెట్టకుండా తినేసింది. నేను తోమిన గిన్నెలు అలాగే ఉంచింది. ఇల్లు చల్లబడిందని సంతోషించాల్సినదాన్ని. నావల్ల కాలేదు. ఒళ్లు మండిపోయింది. లే, పోదాం అని చెయ్యి పట్టి డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను.

డాక్టరమ్మకీ కోపమే. "మిషన్ మంచిగనే పనిజేస్తుందమ్మా. గీ వయసుల గుట్టలెందుకు?" అంది.

"మూలకు కూసోవెట్టుటానికైతె గా మిషనెందుకు బిడ్డా? తాడు సాలదా?" అంది అత్త.

వరండాలో నడిపించి చూశారు, గుండె వేగం సరిగ్గానే పెరిగింది. "ఆమెకు దమ్మొచ్చేది వరండాల కాదు, మెట్ల మీద. మెట్లెక్కిచ్చి చూడుండ్రి" అన్నాను. విసుక్కుంటూనే డాక్టరమ్మ మెట్ల దాకా వచ్చింది.

మెట్టు కనిపించగానే మా అత్త అలవాటుగా రెండు చేతులూ జోడించింది! ఆసుపత్రి మెట్ల మీద! ఎవరో పెద్దాయన పక్కకు తప్పుకుని ఆమెకే దండం పెట్టాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. సగంలో ఆగి ఆయాసపడుతుంటే అరిచాను: "చేతులు దించు అత్తా! గిది గుట్ట కాదు, దవాఖాన!"

"నన్నే గద్దిస్తవా? గింతమంది ముందట గద్దిస్తవానే?" అని రెండు చేతులూ విసురుకుంటూ నా మీదికొచ్చింది. నేను పైకి పరుగు, వెనకాలే ఆమె. పై అంతస్తులో నన్ను పట్టుకుని తిట్టింది చూడండి, ఊపిరి తీసుకోకుండా తిట్టింది. కింద డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

సంగతేమంటే, ఆ మిషన్ ఒంటి కదలికను బట్టి గుండె వేగం పెంచుతుంది. చేతులు కట్టేసుకుని మెల్లగా మెట్లెక్కితే రొమ్ము కదలదు, మనిషి కూర్చుందనుకుంటుంది. దిగేటప్పుడు అడుగడుగుకీ ఒళ్లు అదురుతుంది, ఉరుకుతోందనుకుంటుంది. డాక్టరమ్మ పరికరమొకటి ఆమె రొమ్ముకి ఆనించి, కొద్ది కదలికకే మేలుకునేట్టు సెట్టింగు మార్చింది. "ఇంకా వెంచితె ఆటోల గుంతలకే గుండె ఉరుకుతది. జర చేతులూపుకుంట ఎక్కు" అంది.

అత్త పరేషాన్ అయింది. దేవుడి ముందు చేతులు ఊపుకుంటూ పోవడమా? బస్సులో ఊరొచ్చేదాకా అదే మాట. చివరికి గుట్ట కింద నిలబడి ఆయన్నే అడిగింది: "అంజన్నా, సముద్రం దుంకినప్పుడు నువ్వు చేతులు జోడిచ్చుకొని దుంకినవా? నేనూ గంతే!" ఇక చూస్కోండి, పోలీసు కవాతులా ఊపింది. జనం నవ్వారు. తట్ట పట్టుకుని, ఆమె ఎవరో నాకు తెలియనట్టు నడిచాను. "ఏమే కోడలా, ఎనకవడ్డవ్!" అని పైనుంచి గుట్టంతా వినేలా పిలిచింది. గడప దగ్గర చేతులు జోడించి, నావైపు చూడకుండా "నువ్వు గద్దియ్యకుంటె తెల్వకపోవు" అంది. ఆ వెంటనే "తట్ట సక్కగ వట్టు" అంది. ఆమె నోట నేను విన్న మెప్పు అదొక్కటే.

దహనానికి ముందు మిషన్ తీసెయ్యాలి, మంటలో పేలుతుంది. ఆ మాట నేననగానే ఆడబిడ్డ నా మీద పడింది. "మా అవ్వను కోయిస్తవా? సెట్టింగు మార్పిచ్చి, గుట్టలెక్కిచ్చి సంపినవ్!" నరం చిట్లడానికీ మిషన్‌కీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పినా వినలేదు.

"సంపలే. మీరు కూసోవెట్టిన్రు, నేను ఎక్కిచ్చిన" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

ఇంట్లో చావైతే ఏడాది దాకా గుట్టెక్కకూడదంటారు. అయినా దినాలయ్యాక నేను పోయాను. గుడిలోకి మాత్రం పోలేదు, చివరి మెట్టు దగ్గరే ఆగిపోయాను. గుట్ట కింద మా ఆయన ఆటో పిలిస్తే ఎక్కలేదు. ఆసుపత్రివాళ్లిచ్చిన ఆ మిషన్‌ను కొంగున ముడేసి, ముడిని రొమ్ము దగ్గర జాకెట్టుకు పిన్ను పెట్టుకున్నాను. చచ్చాక కూడా నాతోనే మోయించుకుంటున్నావా ముసలిదానా అని తిట్టుకుంటూనే మొదటి మెట్టెక్కాను. దానిలో బ్యాటరీ ఇంకా ఉందట. చేతులు కట్టుకుంటే కూర్చున్నామనుకుంటుంది. అందుకని, జనం నవ్వుతున్నా సరే, రెండు చేతులూ ఊపుకుంటూ ఎక్కాను.