కోసేసిన పేరా, మిగిలిన నాలుగు లైన్లు

“రెండు పేజీలిస్తే మూడు రాసింది” అన్నది నాపై మోపిన అభియోగం. ఆ నెపంతో మా కళాశాల పత్రిక సంపాదకుడు నా వ్యాసం చివరి పేరా కోసేశాడు. పినపాక అడవి అంచున పోడు భూమి పోగొట్టుకున్న ఒక అవ్వ మాటలున్నది అందులోనే.

ఈ రోజు ఖమ్మంలోని డీటీపీ సెంటర్‌కు వెళ్లి ఫైలు తెరిపించాను. ఆపరేటర్ ప్రతి లైను చివరా ఎంటర్ కొట్టి టైపు చేశాడు. తర్వాత పేజీని రెండు కాలమ్‌లుగా మార్చగానే ప్రతి లైనూ విరిగి, మిగిలిన ఒకటి రెండు మాటలు మరో లైనును ఆక్రమించాయి. అలా వ్యాసం మూడో పేజీకి పాకింది. ఆ ఎంటర్లన్నీ తీయించాను. కోసేసిన పేరాతో సహా వ్యాసం రెండు పేజీల్లో ఒదిగింది. అడుగున నాలుగు లైన్ల చోటు మిగిలింది.

అక్కడి నుంచే సంపాదకుడికి ఫోన్ చేశాను.

“సరే, నీ పేరా పెట్టించుకో చెల్లె. తప్పు కంప్యూటర్‌ది, గిండ్ల నాదేముంది?”

“ఫైలు తెరువకుండ నన్ను నలుగుట్ల బద్నాం చేసింది కంప్యూటరా అన్నా? మిగిలిన నాలుగు లైన్లల్ల క్షమాపణ రాయి.”

ఫోన్ పెట్టేశాడు. ఆ చోటును నేను ఖాళీగానే ఉంచాను. మిత్రులారా, పత్రిక ఆవిష్కరణ సభలో ఆ పేజీ తెరిచి, అక్కడ ఏం రాయాల్సి ఉండెనో ఆయన్ను నిలబెట్టి అడగండి.